అడ్డుకట్టకు ముందు తూము: బడిలో, గ్రంథాలయంలో పిల్లలకు ఇంటర్నెట్ ఏర్పాటు చేసే పద్ధతి

మా కోనసీమ వైపు ఉన్నత పాఠశాలలో కంప్యూటర్ గది, తరగతి గోడకు పెద్ద టచ్ ప్యానెల్, ఊరి గ్రంథాలయంలో ఒకటో రెండో కంప్యూటర్లు ఉండడం ఇప్పుడు వింత కాదు. వాటికి ఇంటర్నెట్ కలిపిన రోజున ప్రధానోపాధ్యాయులనూ గ్రంథపాలకులనూ తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "పిల్లలు పాడు సైట్లు చూడకుండా ఏం చేశారండీ?" చాలాచోట్ల దానికి రెండే జవాబులు వినిపిస్తాయి. ఒకటి, అన్నీ బ్లాక్ చేయించేశామని. రెండోది, అసలు నెట్టే ఇవ్వడం లేదని. ఒక బడి కంప్యూటర్ గదినీ, సాయంత్రం వేళ ఒక శాఖా గ్రంథాలయాన్నీ కొన్నేళ్లు చూసుకున్న మనిషిగా, ఈ రెండు జవాబులూ పిల్లలకు మేలు చేయవని నా నిశ్చితాభిప్రాయం. 2022 మే నెలాఖరున మా జిల్లాలో ఇంటర్నెట్ ఆపివేసినప్పుడు ఉద్యోగాలు చేసుకునే పెద్దలు సిగ్నల్ వెతుక్కుంటూ పొరుగు ప్రాంతాలకు వెళ్లిన సంగతి ఇక్కడ అందరికీ గుర్తే. బడిలో దారి మూసేస్తే పిల్లలూ అంతే, ఎవరూ చూడని చోటికి వెళ్లి వెతుక్కుంటారు.

కాబట్టి నేను చెప్పదలచినది ప్రధానంగా ఒకటే. ఫిల్టర్, అంటే పాడు సైట్లను ఆపే ఏర్పాటు, పెట్టే ముందే, అది పొరపాటున ఆపేసిన మంచి పేజీని ఎవరు తెరుస్తారు, ఎంతసేపట్లో తెరుస్తారు, అడిగిన పిల్లకు నలుగురిలో చిన్నతనం కలగకుండా ఎలా తెరుస్తారు అన్నది కాగితం మీద పెట్టుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపినంత మాత్రాన డెల్టా పండలేదు. ఆపిన నీటిని కాలువలకు మళ్లించి, లాకులు కట్టి, తూములు పెట్టి, ఏ ఆయకట్టుకు ఎప్పుడు ఎంత వదలాలో చూసే మనుషులను పెట్టినందువల్ల పండింది. మన ఫిల్టర్ ఆ అడ్డుకట్ట వంటిది, ఆగిన మంచి పేజీని తెరిచే పద్ధతి తూము వంటిది.

చట్టం నిజంగా ఏమంటోంది

బడులూ గ్రంథాలయాలూ ఇంటర్నెట్‌ను వడపోయాలని నేరుగా చెప్పిన చట్టాల్లో తరచుగా ఉదహరించేది అమెరికా వారిది. చిల్డ్రన్స్ ఇంటర్నెట్ ప్రొటెక్షన్ యాక్ట్ పేరుతో 2000 డిసెంబరులో వచ్చిన ఆ చట్టం అక్కడి బడులన్నింటినీ శాసించదు. ఈ-రేట్ వంటి ప్రభుత్వ పథకాల కింద ఇంటర్నెట్ ఖర్చులో రాయితీ తీసుకునే బడులకూ గ్రంథాలయాలకూ ఒక షరతు పెడుతుంది. అశ్లీల చిత్రాలు, పిల్లలపై లైంగిక దోపిడీకి సంబంధించిన చిత్రాలు, మైనర్లకు హాని కలిగించే చిత్రాలు, ఈ మూడింటినీ ఆపే సాధనం ఉండాలన్నదే ఆ షరతు. అది చిత్రాల గురించి చెప్పింది గాని రాతల గురించి కాదు. పిల్లలకు తగనిది ఇంకేమిటన్న నిర్ణయాన్ని స్థానిక బోర్డుకే వదిలిపెట్టింది. విధానం ఖరారు చేసే ముందు ఊరివారికి తెలియజేసి కనీసం ఒక బహిరంగ సమావేశం జరపమంది. ఫలానా మనిషి ఏమేం చూశాడో వెంటాడి నమోదు చేయాలని తాను కోరడం లేదని కూడా స్పష్టంగా రాసింది. 2008లో చేసిన సవరణతో, ఆన్‌లైన్‌లో ఎలా మెలగాలో, సైబర్ వేధింపు ఎదురైతే ఏం చేయాలో పిల్లలకు నేర్పడం కూడా బడి బాధ్యత అయింది.

ఈ చట్టం వాక్ స్వాతంత్ర్యాన్ని హరిస్తోందని అమెరికా గ్రంథాలయ సంఘం కోర్టుకు వెళ్లింది. 2003 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టులో ఆరుగురు న్యాయమూర్తులు చట్టం చెల్లుతుందన్నారు, ముగ్గురు కాదన్నారు. సమర్థించిన వారిలో జస్టిస్ కెనడీ విడిగా రాసిన అభిప్రాయం మనకు బాగా పనికొస్తుంది: పెద్దవయసు పాఠకుడు అడిగినప్పుడు చెప్పుకోదగ్గ ఆలస్యం లేకుండా గ్రంథపాలకుడు ఫిల్టర్ తీసివేయగలిగితే ఇందులో పెద్ద వివాదమేమీ లేదని, ఎక్కడైనా అలా తీయలేకపోతే ఆ ఫిర్యాదును వేరుగా చూడవలసి ఉంటుందని ఆయన భావం. అంటే ఆయన సమర్థన నిలబడింది తూము ఉంటుందన్న భరోసా మీదనే. ఆ దేశంలోనే 2006లో, బడుల్లో గ్రంథాలయాల్లో సోషల్ నెట్‌వర్కింగ్ సైట్లనూ చాట్ రూములనూ ఆపించాలని ఇంకో బిల్లు వచ్చింది. ప్రతినిధుల సభ దానిని 410–15 ఓట్లతో ఆమోదించినా సెనేట్‌లో అది ముందుకు సాగలేదు. ఇటీవల ఆస్ట్రేలియా వేరే దారి పట్టింది: 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చూసే బరువును బడి మీద కాక ఆయా కంపెనీల మీదే పెట్టింది. 2025 డిసెంబరు 10 నుంచి అది అమలులో ఉంది.

మన దేశంలో బడి గాని గ్రంథాలయం గాని ఫిల్టర్ పెట్టి తీరాలని ఇంత నేరుగా చెప్పే కేంద్ర చట్టం లేదు. అయినా చేతులు దులుపుకునే వీలు లేదు. ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ ప్రకారం పిల్లల లైంగిక చిత్రాలను తయారు చేయడం, పంపడమే కాదు, వెతకడం, చూడడం, డౌన్‌లోడ్ చేయడం కూడా నేరం. మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. అలాంటి సామగ్రిని దగ్గర ఉంచుకోవడం గురించి అందులోని 15వ సెక్షన్‌ను 2024 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టు మరింత గట్టిగా వ్యాఖ్యానించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారి వివరాలు తీసుకునే ముందు తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన సమ్మతి ఉండాలంటోంది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలులోకి వస్తోంది.

ఇవి కాక, సైబర్ కేఫ్‌ల కోసం 2011లో చేసిన నియమాలు కొన్ని ఉన్నాయి. అవి బడికి వర్తించకపోయినా గది సర్దుకోవడానికి నాకు దొరికిన మంచి నమూనా అవే. క్యాబిన్ల మధ్య అడ్డుగోడ నాలుగున్నర అడుగులకు మించరాదు, విడిగా పెట్టిన కంప్యూటర్ల తెరలు అందరూ తిరిగే ఖాళీ స్థలం వైపు ఉండాలి, తల్లిదండ్రులో సంరక్షకులో వెంట లేకుండా మైనర్లను క్యాబిన్‌లో కూర్చోనివ్వరాదు అని అవి చెబుతాయి.

ముందు మనుషులు, తరువాత యంత్రం

ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో విద్యా హక్కు చట్టం ప్రకారం ఏర్పడిన విద్యా కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు ఉండాలి. ఇంటర్నెట్ విధానాన్ని ఆ కమిటీ ముందు పెట్టి తీర్మానం చేయించండి. గ్రంథాలయమైతే ఒక ఆదివారం పాఠకులను కూర్చోబెట్టి చదివి వినిపించి, నకలు జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపండి. పత్రం ఒక్క పేజీ దాటకూడదు. ఏ రకం చిత్రాలు ఆపుతున్నామో, ఏవి ఆపడం లేదో, ఆగిన పేజీని తెరిపించుకోవడం ఎలాగో, ఎవరి వివరాలు ఎన్నాళ్లు దాస్తామో, తప్పు జరిగితే ఎవరికి చెప్పాలో అందులో ఉండాలి. "తగని విషయాలు" అని ఊరికే రాసి వదిలేయకండి. ఆ మాటకు హెచ్చెం గారి అర్థం ఒకటి, వార్డు మెంబరు గారి అర్థం ఇంకొకటి అవుతుంది.

సమ్మతి పత్రం గురించి ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన మాట ఒకటి చెప్పాలి. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తుండగా అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు మాకు చాలా తరగతుల్లో కనిపిస్తారు. ఆ అమ్మమ్మ చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పంపేయడం సమ్మతి కాదు. కాగితం ఆమెకు చదివి వినిపించి, తల్లికి వాట్సాప్‌లో పంపి, ఆమె సాయంత్రం తీరిక చూసుకుని గొంతుతో చెప్పిన జవాబు వచ్చే వరకు ఆగండి. నేను పంపిన ఒక పత్రానికి అలాంటి తల్లి ఒకామె అడిగిన తిరుగు ప్రశ్న, "మా పాప నాతో వీడియో కాల్ మాట్లాడేది బడిలో అయితే అదీ ఆగిపోతుందా సార్?" అని. ఆ ప్రశ్న రాకపోతే వీడియో కాల్ యాప్‌లను గుంపుగా ఆపేసి ఉండేవాడినే.

గది అమరికకు ఖర్చు లేదు. బల్లలను గోడకు ఆనించి, పిల్లల వీపులు గది మధ్యకు, తెరలు మీ కళ్లకు కనిపించేలా వేయండి. వరండా నుంచి నడిచి వెళ్లేవారికి కూడా తెరలు కనిపిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. మూలన, బీరువా చాటున ఒక్క కంప్యూటర్ కూడా ఉంచవద్దు.

ఫిల్టర్ పెట్టడం

అన్నిటికంటే తేలికైనది, పైసా ఖర్చు లేనిది డిఎన్ఎస్ ఫిల్టర్. మనం టైపు చేసిన సైటు పేరును కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెల చిరునామాగా మార్చే సేవను డిఎన్ఎస్ అంటారు. పాడు సైటు పేరు అడిగితే చిరునామా చెప్పకుండా ఉండే డిఎన్ఎస్‌ను ఎంచుకుంటే ఆ సైటు తెరుచుకోదు. క్లౌడ్‌ఫ్లేర్ వారి కుటుంబ సేవ చిరునామాలు 1.1.1.3, 1.0.0.3. క్లీన్‌బ్రౌజింగ్ వారి ఫ్యామిలీ ఫిల్టర్ చిరునామాలు 185.228.168.168, 185.228.169.168; ఇది వెతుకులాటలోనూ యూట్యూబ్‌లోనూ సురక్షిత పద్ధతిని తప్పనిసరి చేస్తుంది, ఫిల్టర్‌ను తప్పించుకునే దారి చూపే కొన్ని విపిఎన్ సైట్లనూ ఆపుతుంది.

మొదట రౌటర్‌ను, అంటే ఇంటర్నెట్‌ను కంప్యూటర్లకు పంచే పెట్టెను, చేతిలోకి తీసుకుని తిరగేయండి. అడుగున అంటించిన చీటీ మీద వైఫై పాస్‌వర్డ్, చాలాసార్లు రౌటర్ లోపలికి వెళ్లే పాస్‌వర్డ్ కూడా అచ్చువేసి ఉంటాయి. దానిని ఫోటో తీసుకున్న తొమ్మిదో తరగతి పిల్లవాడికి మీ ఫిల్టర్ ఒక లెక్క కాదు. కాబట్టి ముందు ఆ రెండు పాస్‌వర్డ్‌లూ మార్చి, కొత్తవి హెచ్చెం గారి బీరువాలో కవరులో పెట్టండి. తరువాత రౌటర్ సెట్టింగుల్లో డిఎన్ఎస్ అన్న చోట పైన చెప్పిన సేవల్లో ఏదో ఒకదాని రెండు చిరునామాలూ వేయండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: మొదటి గడిలో ఫిల్టర్ చిరునామా వేసి, రెండో గడిలో అలవాటుగా ఫిల్టర్ లేని గూగుల్ డిఎన్ఎస్ 8.8.8.8 ఉంచేస్తారు. అప్పుడు మొదటి దాని దగ్గర దొరకని జవాబు రెండో దాని దగ్గర దొరకవచ్చు. రెండు గడుల్లోనూ ఒకే సేవ చిరునామాలు ఉండాలి. కొన్ని కనెక్షన్లలో రౌటర్ సెట్టింగులు మార్చనివ్వరు. అప్పుడు కేబుల్ ఆపరేటర్‌ను పిలిపించి మార్పించండి, కుదరకపోతే ఒక్కొక్క కంప్యూటర్‌లో విడిగా వేయండి.

ఆ తరువాత కంప్యూటర్లలో పిల్లలకు అడ్మిన్ అధికారం, అంటే సెట్టింగులు మార్చే అధికారం, లేని ఖాతా తెరవండి. బ్రౌజర్ సెట్టింగుల్లో సెక్యూర్ డిఎన్ఎస్ అన్నది ఆపి ఉంచకపోతే, బ్రౌజర్ మీ ఫిల్టర్‌ను పక్కన పెట్టి తన దారిన తాను వెళ్లగలదు. తరగతి గోడ మీది ప్యానెల్ ఆండ్రాయిడ్‌తో నడిచేదైతే దాని నెట్‌వర్క్ సెట్టింగుల్లో ప్రైవేట్ డిఎన్ఎస్ ఉంటుందేమో చూసి అక్కడ కూడా ఫిల్టర్ సేవ పేరు వేయండి. ఆ ప్యానెల్‌ను చాలామంది టీవీగానే చూస్తారు, దానిలోనూ బ్రౌజర్ ఉంటుందన్నది మరచిపోతారు.

బడి వదిలాక ఇద్దరు పెద్దలు కలిసి కూర్చుని, పిల్లల ఖాతాలోంచే పరీక్షించండి. ఇంగ్లీషు మాటలతో పరీక్షించి ఊరుకోకండి. తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగు మాటలతోనూ వెతకండి, ఎందుకంటే మాటలను పట్టి ఆపే ఫిల్టర్లకు మన భాష సరిగా తెలియదు. నా అనుభవంలో పెద్దల వీడియోలను దాచే యూట్యూబ్ రిస్ట్రిక్టెడ్ పద్ధతి కూడా తెలుగు వీడియోల దగ్గర తడబడుతూనే ఉంది. ఏ ఫిల్టరూ పూర్తిగా ఆపలేదన్న మాట తల్లిదండ్రుల సమావేశంలో మీరే ముందుగా చెప్పడం మంచిది.

తూము తెరిచే పద్ధతి

గ్రంథాలయంలో ఒక సాయంత్రం పదో తరగతి అమ్మాయి ఒకతె రుతుస్రావం గురించి ఆరోగ్య సమాచారం వెతుకుతోంది. అప్పట్లో మేము మాటలను పట్టి ఆపే ఒక సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లం. తెరంతా ఎరుపు రంగులో "ఈ పేజీ నిషేధించబడినది, మీ ప్రయత్నం నమోదైనది" అని వచ్చింది. ఆమె పక్కకు ఒకసారి చూసి, మౌస్ మీద చేయి తీసేసి, పుస్తకాల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. మూడు వారాలు గ్రంథాలయం వైపు రాలేదు. ఆమె చేసిన తప్పు ఏదీ లేదు. ఆ ఎర్ర తెర మేము పెట్టినది, ఆ నమోదు అన్న మాట మేము రాయించినది.

ఆ మరునాడే ఆ సాఫ్ట్‌వేర్ తీసేశాను. ఇప్పుడు మేము పాటించే పద్ధతి ఇది. ఆగిన పేజీ మీద వచ్చే సందేశాన్ని మార్చుకునే వీలుంటే "ఈ పేజీని మా ఫిల్టర్ ఆపింది. ఇది నీకు అవసరమైనదైతే చీటీ వేయి" అని మెత్తగా రాయించాలి, వీలు లేకపోతే ఆ మాటే తెర పక్కన గోడ మీద అంటించాలి. ప్రతి కంప్యూటర్ దగ్గరా చిన్న కాగితాల కట్ట, పెన్సిలు, తలుపు దగ్గర మూత ఉన్న డబ్బా ఉంటాయి. చీటీ మీద పేరు రాయనక్కరలేదు. సైటు పేరో, వెతుకుతున్న విషయమో, కంప్యూటర్ నంబరో రాస్తే చాలు. డబ్బాను ప్రతి పీరియడ్ చివర తెరిచే మనిషి ఒకరు ఉండాలి, ఆయన సెలవులో ఉంటే ఆ పని ఎవరిదో ముందే రాసి ఉండాలి. చదువుకూ ఆరోగ్యానికీ సంబంధించినదైతే ఆ రోజే తెరవాలి. తెరవకూడదని అనిపిస్తే ఎందుకో ఒక వాక్యంలో రాసి అదే గోడ మీద, ఎవరి పేరూ లేకుండా అంటించాలి. తీసుకున్న నిర్ణయాలన్నీ ఒక నోటు పుస్తకంలో తేదీతో ఉండాలి.

దీనికొక సాంకేతిక చిక్కు ఉంది. పైన చెప్పిన ఉచిత చిరునామాలు నేరుగా వాడినప్పుడు ఫలానా సైటును మాత్రం అనుమతించు అని చెప్పే వీలు ఉండదు. అందుకని రెండు దారులున్నాయి. ఒకటి, ఓపెన్ డిఎన్ఎస్ హోమ్ వంటి ఖాతా తెరిచి, అనుమతించిన సైట్ల జాబితాను మీరే నడుపుకోవడం. ఇంటర్నెట్ కంపెనీ మన కనెక్షన్‌కు ఇచ్చే అంకెల చిరునామా తరచూ మారుతుంటే ఇది కాస్త ఇబ్బంది పెడుతుంది. రెండోది, ఉపాధ్యాయుడి బల్ల మీద ఉన్న ఒక్క కంప్యూటర్‌లో మాత్రం ఫిల్టర్ లేని డిఎన్ఎస్ ఉంచి, చీటీలో అడిగిన పేజీని అక్కడ తెరిచి చూపించడం లేదా అచ్చు తీసి ఇవ్వడం. చిన్న బడికి రెండోదే నయం.

గ్రంథాలయంలో ఇంకో మాట. అక్కడికి వచ్చేవారందరూ పిల్లలు కారు. పోటీ పరీక్షలకు చదివే నిరుద్యోగులు, రొయ్యల చెరువులకు వచ్చే తెగుళ్ల గురించి వెతికే రైతులు, వైద్యం గురించి తెలుసుకోవాలనుకునే వృద్ధులు వస్తారు. గ్రంథాలయోద్యమ పితామహుడిగా పేరుపొందిన అయ్యంకి వెంకట రమణయ్య గారు పుట్టిన కొంకుదురు ఈ గోదావరి గడ్డ మీదిదే. అలాంటి నేల మీద ఉన్న గ్రంథాలయంలో అరవై ఏళ్ల పాఠకుడికీ ఆరో తరగతి పిల్లవాడికీ ఒకే సంకెల వేయకూడదు. పెద్దలకు వేరే ఖాతా, వీలైతే వేరే కంప్యూటర్ ఉంచండి, వారు అడిగితే కారణం అడగకుండా ఫిల్టర్ తీయండి. చట్టం నేరమన్నది మాత్రం ఎవరికైనా నేరమే.

ఫోన్లు

మధ్యాహ్న భోజన విరామంలో ఒక ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే రౌటర్‌లో మీరు చేసిన ఏర్పాటంతా పక్కకు పోతుంది. దానికి యంత్రంతో మందు లేదు. ఫోన్లు ఆఫీసు గదిలో అప్పగించే నియమం ఉంటే దానిని అందరికీ ఒకేలా అమలు చేయండి. ఇంట్లో ఫోన్ సంగతి తల్లిదండ్రులది కాబట్టి, సమావేశం రోజున పిల్లల ఫోన్‌ను తల్లిదండ్రులు అదుపు చేసే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ ఎలా పెట్టాలో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రైవేట్ డిఎన్ఎస్ గడిలో ఏ పేరు వేయాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇస్తే, నేను చూసినంతలో అమ్మలు ఆ సాయంత్రమే పెట్టించుకుంటారు.

జరగరానిది జరిగితే

పిల్లలపై లైంగిక దోపిడీ చిత్రం ఏదైనా బడి కంప్యూటర్‌లో గాని, పిల్లవాడి ఫోన్‌లో గాని కనిపిస్తే చాలామంది సదుద్దేశంతోనే చేసే పెద్ద తప్పు, సాక్ష్యం కోసమని దానిని తమ ఫోన్‌లోకి ఫోటో తీసుకోవడం, స్టాఫ్ గ్రూపులో పెట్టడం. ఆ పని మీ మీదకే కేసు తేవచ్చు. కాపీ చేయకండి, ఎవరికీ పంపకండి. ఆ కంప్యూటర్‌ను వాడకుండా పక్కన పెట్టి గదికి తాళం వేయండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ యంత్రంలో, ఎవరు చూశారో చేత్తో రాసి సంతకం పెట్టండి. స్థానిక పోలీసులకు తెలియజేయండి. పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం నేరం సంగతి తెలిసినవారు తెలియజేయవలసిందే. తెలియజేయకపోవడమే 21వ సెక్షన్ కింద శిక్షార్హం, సంస్థ పేరు పోతుందన్నది అక్కడ కారణంగా చెల్లదు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లల లైంగిక చిత్రాల గురించి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

బాధపడినది మీ బడి పిల్ల అయితే ఆమెను తరగతి ముందు గాని, స్టాఫ్ గదిలో నలుగురి మధ్య గాని ప్రశ్నించకండి. ఆమె నమ్మే ఒక టీచరమ్మ ఒక్కరే, ఒక్కసారే విని, ఆమె మాటల్లోనే రాసుకోవాలి. ఆమె పేరు, ఊరు, వీధి బయటికి పొక్కకూడదు. బెదిరింపు మెసేజీలు ఉంటే వాటిని చెరిపేయమని చెప్పవద్దు, ఫోన్‌ను అలాగే ఉంచి పోలీసులకు చూపించాలి.

పిల్లల సహాయవాణి నంబరు 1098. దానిని హెచ్చెం గారి కుర్చీ వెనుక గోడ మీద రాయిస్తే అక్కడ నిలబడి చదివే ధైర్యం ఏ పిల్లకూ ఉండదు. మంచినీళ్ల కుళాయి పక్కన, సైకిల్ స్టాండ్ గోడ మీద, బాలికల మరుగుదొడ్డి తలుపుకు లోపలి వైపు, ఒంటరిగా చదువుకోగలిగిన చోట పెద్ద అంకెల్లో పెయింటుతో రాయించండి. కాగితం అంటిస్తే మన వానలకు నాలుగు రోజులు కూడా నిలవదు.